మోసగాడి చేతిలో లేనిది ఫ్రేములో ఉండాలి

ఎర్రటి అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటాను పట్టపగలు ఫోనుతో వీడియో తీసి చూడండి. కంటికి నిలకడగా 14.850 అని కనిపించిన తూకం ఫోను తెర మీద వణుకుతుంది. ఒక క్షణం మొదటి రెండు అంకెలే ఉంటాయి, మరుక్షణం చివరివే మిగులుతాయి. వీడియోను ఆపి చూస్తే, ఎనిమిదిలో పై సగం ఆరిపోయి కింది సున్న మాత్రమే వెలుగుతున్న ఫ్రేము కూడా దొరకవచ్చు. కోలారు జిల్లా మాలూరు తాలూకా లక్కూరులాంటి ఊళ్లలో కూరగాయలకైనా పట్టుగూళ్లకైనా కాటా మీది అంకెను చూసే డబ్బు లెక్కకడతారు. కాబట్టి ఈ వణుకు ఉత్త వింతగా పోదు. తూకంలో మోసం జరిగిందని ఎవరైనా వీడియో పట్టుకొస్తే, అవతలివాడు మొదట అడిగే ప్రశ్న 'ఇందులో అంకె ఏదీ?' అనే.

ఇందులో కాటా తప్పూ లేదు, ఫోను తప్పూ లేదు. ఎల్‌ఈడీ అంకెలన్నీ ఒకేసారి వెలగవు. తీగలు, కరెంటు ఆదా చేయడానికి లోపలి చిప్పు వాటిని ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి ఆర్పుతుంది. సెకనుకు వందలసార్లు ఈ చుట్టు తిరుగుతుంది కాబట్టి కన్ను వాటిని కలిపేసుకుని ఒకే సంఖ్యగా చదువుకుంటుంది. ఫోను అలా కలుపుకోదు. ఎండలో ఫ్రేముకు కావలసిన వెలుతురు సెకనులో వెయ్యో వంతులోనే అందిపోతుంది గనుక ఆ కాస్త సేపట్లో వెలిగిన అంకె మాత్రమే దానికి దక్కుతుంది. పైగా ఫోనులోని సెన్సరు బొమ్మనంతా ఒక్క దెబ్బలో చదవదు, వరసవెంట వరస చదువుకుంటూ పోతుంది. పై వరసలు చదివేటప్పుడు వెలుగుతున్న అంకె, కింది వరసలకు వచ్చేసరికి ఆరిపోయి ఉండవచ్చు.

*పెట్టెలో: అంకెలు నిలవాలంటే*
*ఎండ పడకుండా కాటా తెరకు నీడ పట్టండి. వెలుతురు తగ్గితే ఫోను ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంకెలన్నీ అందులో పడతాయి. షటర్ వేగం మార్చుకునే వీలున్న ఫోనులో దాన్ని 1/50 దగ్గర పెడితే చాలావరకు నిలుస్తాయి. ఏదీ కుదరకపోతే కదలకుండా పది సెకన్లు తీయండి. ఒక ఫ్రేములో పోయిన అంకె మరో ఫ్రేములో ఉంటుంది, కలిపి చదవవచ్చు. పెట్రోలు బంకుల్లో చాలాచోట్ల ఉండే ఎల్‌సీడీ తెరలతో ఈ తంటా తక్కువ.*

అంకె స్పష్టంగా ఉంటే మాత్రం?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. అంకె వణక్కుండా స్పష్టంగా వచ్చిందనుకుందాం. అప్పుడు ఆ వీడియో రుజువు చేసేది ఒక్కటే, కాటా 14.850 అని చూపించిందని. బుట్టలో నిజంగా 14.850 కిలోలు ఉందో లేదో అది చెప్పదు. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల అధికారులు బయటపెట్టిన బంకుల వ్యవహారం చూడాలి. పెట్రోలు పోసే యంత్రాల్లో రహస్యంగా ఒక చిప్పు అమర్చారు. తెర మీద 1000 మిల్లీలీటర్లు పడేసరికి ట్యాంకులోకి వెళ్లేది 970 మాత్రమే. తెలంగాణలో 11, ఆంధ్రప్రదేశ్‌లో 22 బంకుల దాకా ఈ వల పాకింది. ఆ బంకుల్లో వినియోగదారులంతా తెరను వీడియో తీసుకుని ఉన్నా ఒక్క మోసమూ బయటపడేది కాదు. ప్రతి వీడియోలోనూ లీటరుకు లీటరు కనిపించేది. అంటే ప్రతి వీడియో మోసగాడి తరఫునే సాక్ష్యం చెప్పేది.

ఆ మోసాన్ని పట్టగలిగేది ఐదు లీటర్ల కొలపాత్ర. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన పాత్ర ఉండాలి, వినియోగదారుడు అడిగితే దానిలో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు సహిస్తాయి. లీటరుకు 30 మిల్లీలీటర్లు కొట్టేసే చిప్పు ఐదు లీటర్లలో 150 మిల్లీలీటర్లు మింగుతుంది, పాత్ర మెడ మీది గీత దగ్గర ఆ లోటు దాగదు. తెర మీది అంకె, పాత్రలోని మట్టం రెండూ ఒకే ఫ్రేములో, మధ్యలో ఎక్కడా ఆపకుండా తీసిన వీడియోకు అప్పుడు బలం వస్తుంది. తెర మోసగాడి చెప్పుచేతల్లో ఉంది. పాత్రలోని మట్టం లేదు. కాటా దగ్గరైనా అంతే. సరుకు పెట్టే ముందూ తీసిన తర్వాతా ముద్ర ఉన్న రాయిని అదే కాటా మీద పెట్టి, ఆ రెండు తూకాలూ అదే వీడియోలో ఉండేలా చూసుకుంటే ఆ రాయే సాక్షి. (కాటాలో రిమోటు పెట్టినవాడు రాయి చూడగానే సరిచేయగలడు కదా అని అనుమానం రావచ్చు. అందుకే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, వీలైతే చెప్పకుండా మధ్యలో ఒకసారి.)

ఫోను మోసాన్ని చూడలేదు, ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే చూస్తుంది. ఎదురుగా ఏం ఉండాలో నిర్ణయించేది మోసగాడే అయినప్పుడు వీడియో అతని అబద్ధాన్ని నకలు తీసిపెడుతుంది. అతని చేతికి అందని వస్తువు ఒక్కటైనా ఫ్రేములోకి వస్తే లెక్క తిరగబడుతుంది. మార్కెట్లోనే కాదు, ఫోనులోనే జరిగే మోసాలకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

యూనిఫాం వేసుకున్న తెర

2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి ఒక సంభాషణ వినిపించారు. పోలీసులమంటూ 'డిజిటల్ అరెస్టు' పేరుతో బెదిరించిన ముఠాతో జరిగిన వీడియో కాల్ అది. కర్ణాటకలోని విజయపురలో ఉండే వ్యక్తి దాన్ని రికార్డు చేసి పెట్టుకున్నారు. మీ నంబరు మీద ఫిర్యాదులున్నాయంటూ మొదలుపెట్టడం, ఎక్కడ ఉన్నారని ఆరా తీయడం, కాల్‌ను 'దర్యాప్తు అధికారి'కి కలపడం, ఆధార్ చూపించమనడం, అన్నీ వరసగా అందులో ఉన్నాయి. మొదట వ్యక్తిగత వివరాలు రాబట్టడం, తర్వాత భయపెట్టడం, ఆపైన ఆలోచించుకునే సమయం లేకుండా తరమడం అనే మూడు మెట్లుగా ఆ కార్యక్రమంలో దాన్ని విడదీసి చెప్పారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని కూడా చెప్పారు.

పై సూత్రాన్ని ఈ కాల్‌కు పెట్టి చూద్దాం. తెర మీద కనిపించేదంతా మోసగాడు కట్టిన నాటకమే. యూనిఫాం కొనుక్కోవచ్చు, వెనక గోడ మీద జెండా, శాఖ గుర్తు అతికించవచ్చు. కాల్ వచ్చిన నంబరు మరొకరి పేరు మీద ఉంటుంది, డబ్బు వేయమనే ఖాతా కమీషన్‌కు అద్దెకిచ్చినవాడిది అయి ఉంటుంది. కాబట్టి వీడియోలో ముఖం దొరికింది, దొంగ దొరికినట్టే అనుకుంటే తొందరపాటే. దొరికేది వాడి పద్ధతి. ఊరూరా వందల మందికి ఫోను చేసే ముఠాలు చదివేది ఒకే పాఠాన్ని. ఆ పాఠం ఒకసారి జనం చెవిన పడితే తర్వాతి కాల్ రెండో వాక్యానికే తేలిపోతుంది. దొంగను పట్టుకోవడానికి పోలీసులకు పనికొచ్చేవి వేరు. యూపీఐ ఐడీ, ఖాతా నంబరు, కాల్ వచ్చిన సమయం, లావాదేవీ సంఖ్య కావాలి. డబ్బు గంటల్లో నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది గనుక డబ్బు పోయినవారు వీడియో సంగతి పక్కనపెట్టి ముందు 1930కి ఫోను చేయాలి, ఆ తర్వాతే మిగతావి.

ఇలాంటి కాల్‌ను రికార్డు చేయడంలో ఒక సాంకేతిక మెలిక ఉంది. చాలా ఫోన్లలో తెరను రికార్డు చేసే సదుపాయం బొమ్మను పట్టుకుంటుంది గాని కాల్‌లో అవతలివాడి గొంతును పట్టుకోదు. గోప్యత కోసం ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ కాల్ శబ్దాన్ని పాటల, సినిమాల శబ్దం నుంచి వేరుచేసి ఉంచుతాయి. తీరా వీడియో తెరిచి చూస్తే దొంగ పోలీసు పెదవులు కదుపుతుంటాడు, బెదిరింపు మాత్రం వినపడదు. కాల్‌ను స్పీకరులో పెట్టి పక్కనుంచి రెండో ఫోనుతో తీస్తే మాటా బొమ్మా రెండూ వస్తాయి. దీనివల్ల వచ్చే అసలు లాభం కెమెరాకు సంబంధించినది కాదేమో అని నా అభిప్రాయం. గది తలుపు వేసుకో, ఎవరికీ చెప్పకు అనేది ఈ మోసానికి ప్రాణం. రెండో ఫోను పట్టుకోవడానికి ఇంట్లో ఇంకొకరు వచ్చి కూర్చున్నారంటే ఆ ప్రాణం అక్కడే పోయింది. ఆ మనిషి కూడా మోసగాడి చేతిలో లేనివాడే.

ఫైలు లోపలి సాక్షులు

బొమ్మను ఎవరైనా మార్చవచ్చు, మరి వీడియోను నమ్మేదెలా? నిపుణులు బొమ్మను ఎంత చూస్తారో, బొమ్మ వెనక ఉన్నదాన్ని అంతకంటే ఎక్కువ చూస్తారు. ఏ ఫోనుతో, ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలను ఫైలు తనలోనే రాసుకుంటుంది. కాకపోతే గడియారాన్ని ఫోను యజమాని మార్చగలడు గనుక అది బలహీనమైన సాక్షి. అంతకంటే గట్టిది సెన్సరు. అందులో లక్షల సంఖ్యలో ఉండే కాంతి గ్రాహకాలు తయారీలో అచ్చంగా ఒకేలా రావు. ఒకే వెలుతురుకు ఒకటి రవ్వంత ఎక్కువ, మరొకటి రవ్వంత తక్కువ స్పందిస్తుంది. మాలూరు పెంకుల బట్టీల్లో ఒక అచ్చులో చిన్న సొట్ట ఉంటే ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి పెంకు మీదా అదే చోట అదే సొట్ట పడుతుంది కదా, ఇదీ అలాంటిదే. ఆ సెన్సరు తీసిన ప్రతి బొమ్మలో కంటికి ఆనని అదే గరుకు ఉంటుంది. దాన్ని వెలికితీసి ఇది ఫలానా కెమెరాతో తీసిందేనని చెప్పే పద్ధతిని అమెరికాలోని బింగ్‌హాంటన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించారు. కోలారు జిల్లాలోనే నరసాపుర దగ్గర ఐఫోన్లు తయారవుతున్నాయి. ఒకే వరుసలోంచి పక్కపక్కనే బయటికొచ్చిన రెండు ఫోన్లలో కూడా ఈ గరుకు వేరువేరుగానే ఉంటుంది.

ఇంకో సాక్షి మరీ వింతైనది, కరెంటు. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సరిగ్గా 50 కాదు. వాడకం పెరిగితే కొంచెం తగ్గుతుంది, తగ్గితే కొంచెం పెరుగుతుంది. ఫ్యాను, ఫ్రిజ్ చేసే సన్నని గుయ్యిమనే శబ్దంలో ఈ హెచ్చుతగ్గులు ఉంటాయి, వీడియోలోని ధ్వనిలో అవి నమోదైపోతాయి. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు తీగలు లాగిన రోజుల్లో ఆ లైనుది దాని లోకం. ఇప్పుడలా కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య లైను కలిసినప్పటినుంచి దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డులో భాగమైంది. లక్కూరులో ఫ్యాను గుయ్యిమనే తీరూ, ఆ క్షణంలో ఢిల్లీలో ఫ్యాను గుయ్యిమనే తీరూ ఒకటే. కాబట్టి గ్రిడ్డు హెచ్చుతగ్గుల చిట్టా దగ్గరుంటే, గది లోపల తీసిన వీడియో ఏ రోజు ఏ నిమిషంలోదో పోల్చి చెప్పవచ్చు. మధ్యలో ముక్క కోసి అతికిస్తే ఆ లయ అక్కడ తెగుతుంది. రుమేనియాకు చెందిన కాటలిన్ గ్రిగొరాస్ ఈ పద్ధతికి ఆద్యుడు. ప్రతి వీడియోకూ ఇది పనికిరాదు. పొలం గట్టున తీసినదానిలో ఫ్యాను శబ్దం ఎక్కడిది? మోసగాడు కొనలేని సాక్షి, వీడియో తీసినవాడికి కూడా తెలియకుండా ఫైలులో కూర్చుని ఉండవచ్చన్నదే ఇక్కడ గమనించాల్సింది.

ఇంత సమాచారం ఉన్న ఫైలుతో మనం మొదట చేసే పని ఏమిటి? వాట్సాప్ గ్రూపులో పడేస్తాం. పంపే బరువు తగ్గించడానికి వాట్సాప్ వీడియోను కొత్తగా కుదించి రాస్తుంది. తీసిన చోటు, ఫోను వివరాలు రాలిపోతాయి, సెన్సరు గరుకు చాలావరకు అరిగిపోతుంది. కుదింపులో ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచరు, ముందటి ఫ్రేముకు దీనికి ఏం మారిందో మాత్రమే రాసుకుంటారు. ఈ పని రెండోసారి జరిగితే కాటా తెర మీది చిన్న అంకెల్లాంటివి మసకబారతాయి. ఫోనులో ఉన్న మూలప్రతి సాక్ష్యం అయితే, పదిచోట్ల తిరిగి మళ్లీ మన ఫోనుకే వచ్చిన నకలు పుకారు కంటే కొద్దిగా మేలు.

*పెట్టెలో: హాష్ అంటే*
*ఎంత పెద్ద ఫైలునైనా ఒక గణిత ప్రక్రియలోకి పంపితే 64 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వరస వస్తుంది. ఆ వరసే హాష్, ఆ ప్రక్రియను ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు. అదే ఫైలుకు ఎన్నిసార్లు చేసినా అదే వరస. ఫైలులో ఒక్క చుక్క మారినా వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. వరసలోంచి వీడియోను తిరిగి రాబట్టడం కుదరదు. వాట్సాప్‌లో 'వీడియో'గా పంపితే హాష్ మారుతుంది, 'డాక్యుమెంటు'గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది.*

చట్టం కూడా ఈ దారికే వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రంలో హాష్ రాయాలి. ఒక భాగం దాఖలు చేసేవారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. పాత చట్టంలోని 65బి సెక్షన్ కింద ధ్రువపత్రం తప్పనిసరి అని 2014లో, మళ్లీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోనునే కోర్టుకు తెచ్చి, అది తనదేనని యజమాని స్వయంగా సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అక్కర్లేదని 2020 తీర్పు అంది. మూలప్రతి ఉన్న ఫోను విలువ అదీ.

అభ్యంతరాలు

'ఇప్పుడు కృత్రిమ మేధతో ఏ వీడియోనైనా పుట్టించవచ్చు కదా, ఇక దేనికి విలువ?' అన్నది మొదటి అభ్యంతరం. భయం నిజమైనదే. అరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగి ఒకరు, వీడియో సమావేశంలో కనిపించిన పై అధికారులు కృత్రిమ బొమ్మలని తెలియక దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు పంపేసిన సంగతి 2024లో బయటపడింది. అసలైన వీడియో ఎదురుగా పెట్టినా 'అది కల్పించింది' అని దొంగ తప్పించుకునే వీలు కూడా పెరిగింది. అయితే ఇది నా వాదనను బలపరుస్తుందే తప్ప కూల్చదు. చూడగానే నిజంలా ఉందన్నది ఎప్పుడూ రుజువు కాదు. 2020లో బంకు తెర కూడా నిజంలాగే ఉంది, దానికి కృత్రిమ మేధ అవసరం పడలేదు. వీడియో ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, హాష్ ఎప్పుడు నమోదైంది అన్నవే బొమ్మ కంటే ముందు నిలబడతాయి. కెమెరా బొమ్మ తీసిన క్షణంలోనే డిజిటల్ సంతకం చేసే ఏర్పాట్లు కొన్ని ఫోన్లలో వచ్చేశాయి. గూగుల్ 2025లో పిక్సెల్ 10 ఫొటోలకు దాన్ని పెట్టింది.

రెండోది, చెప్పకుండా రికార్డు చేయడం న్యాయమేనా అన్నది. తనతో జరిగిన సంభాషణను తాను రికార్డు చేసుకున్నంత మాత్రాన సాక్ష్యంగా పనికిరాదనే నియమం మన దగ్గర లేదు. టేపులో పట్టిన సంభాషణను సాక్ష్యంగా స్వీకరించవచ్చని 1972లోనే మల్కానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే రికార్డు చేయడం ఒకటి, జనంలో పెట్టడం వేరొకటి. ముఖం, బండి నంబరు, ఇంటి చిరునామా కనిపించే వీడియో లోకం మీద పడ్డాక అందులోని మనిషి దోషి కాకపోతే దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. చేతిలో ఫోను ఎత్తిపట్టుకుని ఎదుటివాణ్ణి నిలదీయడం మీద కూడా నాకు అంత మోజు లేదు. దాంతో వాడు జాగ్రత్తపడతాడు, కొన్నిచోట్ల దెబ్బలూ తప్పవు.

మూడోది వీటన్నిటికంటే బరువైనది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లవాణ్ణి లాక్కెళ్తారు. నిజానికది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దించి, హెచ్చరిక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్కను కోసేసి పంపారు. ఇలాంటి వదంతులు ఊపందుకున్న ఆ ఏడాది జులైలోనే బీదర్ జిల్లా ముర్కి దగ్గర పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని జనం కొట్టి చంపారు. వీడియో ఉంటే చాలు నిజం తెలిసిపోతుందనే నమ్మకమే అక్కడ హత్యకు సాయం చేసింది. మూలప్రతి ఎవరి దగ్గరుంది, ముందు ఏముంది, తర్వాత ఏముంది అని ఒక్కరు అడిగి ఉంటే ఆ క్లిప్పు నిలబడేది కాదు. మోసగాళ్లను బయటపెడుతున్నామనే ఉత్సాహంతో తిరిగే క్లిప్పులకూ ఇదే పరీక్ష పెట్టాలి. కోతలు లేకుండా మొదటినుంచి చివరిదాకా ఉన్న వీడియో అరగంటదైనా సరే, ఇరవై సెకన్ల 'పట్టుకున్నాం చూడండి' కంటే దానికే విలువ ఎక్కువ.

పోలీసుల విషయంలో ప్రభుత్వం కోతలు లేని మూలప్రతి విలువను ఇప్పటికే గుర్తించింది. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలి, వీలైతే మొబైల్ ఫోనుతోనే. అందుకు తెచ్చిన 'ఈ-సాక్ష్య' యాప్ చోటు, సమయం జతచేసి ఆ రికార్డును ఆన్‌లైన్ లాకరులో భద్రపరుస్తుంది. మాలూరులోనో కేజీఎఫ్‌లోనో కాటా మోసాన్ని తీసిన రైతుకు అలాంటిదేమీ లేదు. మూలఫైలు చెరపకుండా ఉంచుకోవడం, హాష్ తీయించి ఎక్కడైనా రాసిపెట్టడం, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేసేటప్పుడు పెన్‌డ్రైవులో నకలు ఇచ్చి రసీదు తీసుకోవడం, అన్నీ అతనే చేసుకోవాలి. ఫోనును పోలీసులు తీసుకుంటే ఎన్ని నెలలకు తిరిగొస్తుందోననే భయంతో వీడియో సంగతి చెప్పకుండా ఊరుకునేవారూ ఉంటారు. 1930కి ఫోను చేయగానే ఫిర్యాదు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యతోనే వీడియోను కుదించకుండా ఎక్కించి, అక్కడికక్కడే హాష్ నమోదు చేసి, ఫోనును యజమాని దగ్గరే ఉండనిచ్చే ఏర్పాటు మామూలు పౌరుడికీ కావాలి.